సీఎస్ఈ అమ్మాయికి సోషియాలజీ ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి విజయవాడ దగ్గర ఓ ప్రైవేట్ యూనివర్సిటీలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే సెమిస్టర్‌లో ఓపెన్ ఎలెక్టివ్‌గా సోషియాలజీ, ఆ తర్వాత ఎకనామిక్స్ తీసుకుంటానంటోంది. లక్షలు ఖర్చుపెట్టి ఇంజినీరింగ్‌లో చేర్పించింది ఇందుకా అని నాకు టెన్షన్‌గా ఉంది. ఆ టైములో ఇంకో కోడింగ్ కోర్సు చేస్తే ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుంది కదా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ భయంలో న్యాయం ఉందండీ. ప్లేస్‌మెంట్ సంగతే ముందు మాట్లాడుకుందాం. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు మొదటి రౌండ్‌లో ఆప్టిట్యూడ్, కోడింగ్ టెస్టే పెడతాయి. సోషియాలజీలో మంచి గ్రేడ్ వచ్చిందని అక్కడ ఎవరూ షార్ట్‌లిస్ట్ చేయరు. అమ్మాయి రోజూ కోడింగ్ ప్రాక్టీస్ చేయాల్సిందే, అందులో రాజీ లేదు. అయితే ఓపెన్ ఎలెక్టివ్ అంటే సాధారణంగా తన బ్రాంచి కాని సబ్జెక్టే తీసుకోవాలి. సోషియాలజీ వద్దంటే ఆ గంటల్లోకి కోడింగ్ క్లాసు రాదు, ఇంకో బ్రాంచి సబ్జెక్టు ఏదో వస్తుంది. మీరు కోడింగ్‌తో పోల్చి బాధపడుతున్నారు గానీ, ఆ రెండింటికీ అసలు పోటీయే లేదు.

ఇక ఉపయోగం సంగతి. మీది గుంటూరు కాబట్టి మిర్చి యార్డు ఉదాహరణే చెబుతాను. ఫైనలియర్ ప్రాజెక్టుగా రైతుల కోసం యాప్ చేస్తామంటూ ఏటా ఎవరో ఒకరు నా దగ్గరికి వస్తారు. ఒక బృందం చూపించిన యాప్ నాకు బాగా గుర్తుంది. స్క్రీన్ అందంగా ఉంది, తెలుగులో ఉంది, ఆ రోజు యార్డు ధర కూడా చూపిస్తోంది. రిజిస్ట్రేషన్ పేజీలో మాత్రం పట్టాదారు పాస్‌బుక్ నంబర్ కొట్టందే ముందుకు కదలదు. మన జిల్లాలో మిర్చి వేసేవాళ్లలో కౌలు రైతులు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. పాస్‌బుక్ ఉండేది భూమి యజమాని దగ్గర. కౌలు రైతుకు సాగు హక్కు పత్రం ఇవ్వడానికి 2019లో చట్టం వచ్చింది. కానీ దానికి కావాల్సిన ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి, చాలామంది పెట్టడానికి ఇష్టపడరు. అంటే ఆ యాప్ ఎవరికి అవసరమో వాళ్లే మొదటి పేజీ దాటలేరు.

పోనీ దాటారే అనుకుందాం. రైతు ముందే కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడికి అప్పు తీసుకుని ఉంటే, తన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఆయన కొట్టుకే తోలాలి. ధర ఎక్కడ ఎక్కువుందో ఫోన్‌లో చూపిస్తే ఆ రైతుకు ఏం ఒరుగుతుంది? ఆ పిల్లల కోడ్‌లో ఒక్క తప్పు లేదు. భూమి ఎవరిది, సాగు ఎవరిది, అప్పు ఎవరి దగ్గర అన్న ప్రశ్నలు వాళ్లకు తట్టలేదు, అంతే. తట్టేలా నేర్పిన క్లాసు వాళ్లకు లేదు. మంచి సోషియాలజీ, ఎకనామిక్స్ క్లాసులు నేర్పేది సరిగ్గా ఇదే.

ఇది సాఫ్ట్‌వేర్‌కే పరిమితం కాదు. మన పక్కనే కృష్ణా నది మీదున్న పులిచింతల ప్రాజెక్టు చూడండి. ప్రాజెక్టును 2013 డిసెంబరులో ప్రారంభించారు. 45.77 టీఎంసీల పూర్తి సామర్థ్యానికి నీళ్లు నిండింది మాత్రం 2019లో. నిల్వ పెంచడానికి అడ్డుపడిన వాటిలో ముంపు గ్రామాల పరిహారం, పునరావాసం ముఖ్యమైనవి. ఆ ప్రాజెక్టుకు ఎవరి పేరు పెట్టారో ఆ కె.ఎల్. రావుగారు కంకిపాడులో పుట్టిన ఇంజినీరు. విజయవాడ నుంచి ఎంపీగా గెలిచి కేంద్రంలో నీటిపారుదల శాఖ చూశారు. నీటి లెక్కతో పాటు జనం లెక్క కూడా తెలిస్తేనే అలాంటి పని చేయగలరు.

పెద్ద విద్యాసంస్థలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. అమెరికాలో ఎంఐటీలో ఏ ఇంజినీరింగ్ చదివినా ఆర్ట్స్, హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ నుంచి 8 సబ్జెక్టులు పూర్తి చేయాలి. మన ఐఐటీల్లోనూ హ్యుమానిటీస్ విభాగాలున్నాయి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో బీటెక్ మొత్తం 160 క్రెడిట్లయితే, అందులో 12 హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, మేనేజ్‌మెంట్‌కే ఇచ్చారు. 2021 నుంచి ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో కూడా హ్యుమానిటీస్ పేపర్ ఉంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ఇంటర్ రెండేళ్లూ మన పిల్లల చదువంతా ఎంపీసీ బిట్ల చుట్టూనే తిరుగుతుంది. పదో తరగతి తర్వాత సొంత ఆలోచనతో ఒక పేజీ, తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ, రాసిన సందర్భం ఉందా అని మీ అమ్మాయినే అడగండి. ఇంటర్వ్యూలో ‘నీ ప్రాజెక్టు గురించి చెప్పు’ అన్నప్పుడు తెలివైన పిల్లలు కూడా తడబడేది అందుకే. ఉద్యోగంలో చేరాక ఈ లోటు ఇంకా పెరుగుతుంది. క్లయింటుకి మెయిల్ రాయాలి, ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నామో టీముకి వివరించాలి. పదిమంది ముందు తన వాదన నిలబెట్టుకోవడం అలవాటు కావాలంటే చదివి, రాసి, వాదించే క్లాసు ఒకటి ఉండాలి.

అలాగని ఆ పేరున్న ప్రతి క్లాసూ మంచిదని నేను అనను. ‘మెఫా’ (మేనేజీరియల్ ఎకనామిక్స్, ఫైనాన్షియల్ అనాలిసిస్) పేపర్‌ని ఆల్ ఇన్ వన్ గైడు పట్టుకుని ఒక్క రాత్రిలో గట్టెక్కించినవాళ్లు మన కాలేజీల్లో కోకొల్లలు. వాళ్లకు ఎకనామిక్స్ ఒంటబట్టలేదు, సబ్జెక్టు పాసయిందంతే. సోషియాలజీ కూడా అలాగే చెబితే మీ అనుమానమే నిజమవుతుంది. కాబట్టి సబ్జెక్టు పేరు చూసి కాదు, చెప్పే మాస్టారిని చూసి తీసుకోమనండి. ఆ క్లాసు చేసిన సీనియర్లను అడిగితే తెలిసిపోతుంది. వ్యాసాలు రాయిస్తారా, రాసినవి చదివి దిద్ది ఇస్తారా, ఊళ్లోకో మార్కెట్‌కో పంపించి నలుగురితో మాట్లాడిస్తారా అని కనుక్కోమనండి. పీపీటీ చదివి వెళ్లిపోయే క్లాసయితే వదిలేయమనండి, వేరేది చూసుకోవచ్చు.

బ్యాక్‌లాగ్‌లు ఏమైనా ఉంటే ముందు వాటి సంగతి చూసుకోవాలి. లేకపోతే వచ్చే సెమిస్టర్‌లో సోషియాలజీ తీసుకోనివ్వండి. ఎకనామిక్స్‌ని ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ అయ్యాక పెట్టుకోమనండి. అప్పుడైతే డేటా పట్టుకుని సొంతంగా లెక్కలు వేసి చూడగలదు, డేటా ఉద్యోగాల వైపు వెళ్లాలనుకున్నా అది పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ గడువు దాటకముందే ఇద్దరూ కూర్చుని సిలబస్ కాపీ ఒకసారి చదవండి.