ఆ రాయిని లేపకండి అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రే చూశాను. చెరువు కట్ట కింద బయటపడ్డది శాసనమే, అనుమానం లేదు. పైన చెక్కిన సూర్యచంద్రులు నిధికి గుర్తు అని ఎవడన్నా అంటే నమ్మకు, వాళ్లిద్దరూ ఉన్నంతకాలం శాసనంలో రాసిన దానం నిలవాలని అలా చెక్కేవాళ్లు. అంతే.

కానీ మీ యువజన సంఘం పిల్లలు దాన్ని జేసీబీతో లేపి గుడి ముందు గద్దె కట్టి నిలబెడతామన్నారట. వద్దు. నేను ఇరవయ్యేళ్ల కింద సరిగ్గా అదే పని చేశాను. మా చేను గట్టున ఒక వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఉండేది, ఊళ్లో అయితే భద్రంగా ఉంటుందని గొలుసు వేసి లాగించాను, భూమిలో ఉన్న కింది భాగం పుటుక్కున విరిగింది, మిగిలినదాన్ని సిమెంటులో పాతితే అడుగున ఉన్న అక్షరాలు అందులో కలిసిపోయాయి. తర్వాత ఎవరో భక్తికొద్దీ ఎనామిల్ పెయింట్ కొట్టారు. ఇప్పుడది పోతరాజు, ఏటా మేకపోతు కూడా. అదీ సరే, అసలు అది ఏ గట్టున ఉండేదో ఇవాళ నేనే కచ్చితంగా చూపించలేను.

రాయి ఉన్న చోటు కూడా రాతలో భాగమే. మన నకిరేకల్ దగ్గర చందుపట్ల శాసనం చూడు, చనిపోయిన కాకతీయ రాణి రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి ఇచ్చి వేయించింది. అందులో శక సంవత్సరం 1211 అని ఉంది, 78 కలిపితే క్రీ.శ. 1289. ఆ రాణి చివరి రోజుల సంగతి తేలింది ఆ పల్లెటూరి రాయి వల్లే.

ఇక మీరు చేయాల్సింది. మట్టిని మెత్తటి బ్రష్‌తో, మామూలు నీళ్లతో తుడవండి, యాసిడ్, వైరు బ్రష్ దగ్గరికి రానివ్వద్దు. అక్షరాల్లో సుద్ద, ముగ్గుపిండి నింపొద్దు. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టి ఫోటో తీస్తే, పగలు కనపడనివి కూడా లేచి కనిపిస్తాయి. నాలుగు వైపులా తీయండి, పక్కన స్కేలు పెట్టి. తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీసే పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలెయ్యి. మైసూరులో కేంద్ర పురావస్తు శాఖవాళ్ల శాసన విభాగం ఉంది, రాష్ట్ర శాఖకు రాసేటప్పుడు వాళ్లకూ ఒక కాపీ పంపు.

ఫేస్‌బుక్‌లో లొకేషన్ పెట్టకు. పెట్టిన వారానికే గడ్డపారలు, నిమ్మకాయలతో గుప్తనిధులవాళ్లు దిగుతారు. ముందు సర్పంచ్‌తో మాట్లాడి గ్రామసభలో తీర్మానం రాయించు, చేను ఎవరిదో వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టు. భూమి పోతుందని వాళ్లకు టెన్షన్ ఉంటుంది, అది తీరకుండా రాయి నిలవదు. ఉపాధి హామీ పనిలో నాణేలు దొరికితే మాత్రం దాచుకోవద్దని కూలీలకు చెప్పండి, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే (ఆ పది ఇప్పటికీ పదే, నవ్వకు).

ఇంకో సంగతి, మీ ఊరి పాటిగడ్డ, అదే పాత ఊరు పాడుపడిన దిబ్బ. పాటిమట్టి చేలకు బలమని ఏటా ట్రాక్టర్లతో తోలుతున్నారు కదా, ఆ మట్టిలో పాత ఊరు మొత్తం పోతోంది, పెంకులు, పూసలు, ఎముకలు అన్నీ. రైతును తిట్టకు, ఎరువు ఖర్చు అతనిది. తోలేముందు ఒకసారి మీకు చెప్పమను, ఏ చోట ఏం దొరికిందో ఒక నోటుబుక్కులో రాయండి. రాకాసి గుళ్లు అని మీ నాయనమ్మ చూపించే బండల వలయాలు, అవి పాతకాలపు సమాధులు, వాటిని కూడా అందులోకి ఎక్కించు, క్రషర్ వాళ్ల కన్ను పడకముందే. అసలు ముందు ఆమె దగ్గర కూర్చుని చేల పేర్లన్నీ రాసుకో, గుడి లేకపోయినా గుడిచేను అంటారంటే ఊరికే అనరు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. అప్పటిదాకా దాని మీద తాటాకులు కప్పి ఉంచు, పిల్లల చేత కట్ట మీద కాపలా పెట్టించు. టార్చి ఛార్జింగ్ మర్చిపోకు.

మీ మామయ్య