బ్యాటరీ మార్చే ముందు ఈ ఉత్తరం చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, అటక మీది ట్రంకు పెట్టె కిందికి దించావని చెప్పాడు. పాత వీడియో గేమ్‌లన్నీ బాగుచేసి, ఒక్కో సిరీస్‌నీ మొదటి భాగం నుంచి వరసగా ఆడతావట. వినగానే పకపకా నవ్వాను. వాటి కోసం మేం తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఇన్నేళ్ళకి ఇంట్లో ఒకడు వాటిని ఇంత శ్రద్ధగా తుడుస్తున్నాడంటే ఎంత గర్వంగా ఉందో నీకు తెలీదు.

ఆ తర్వాత మీ నాన్న ఇంకో మాట అన్నాడు. "క్యాసెట్లు విప్పి బ్యాటరీలు కూడా మారుస్తాడట అక్కా, సోల్డరింగ్ ఐరన్ తెప్పించుకున్నాడు." నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ సగంలో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివేదాకా ఒక్క స్క్రూ కూడా తిప్పకు.

ముందు చిన్న విషయాలు. క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊదకు. మేమంతా ఊదినవాళ్ళమే. నిజానికి బాగుచేసింది మా ఊపిరి కాదు, క్యాసెట్‌ని తీసి మళ్ళీ పెట్టడం. ఊదినప్పుడు పడే తడికి ఆ రాగి పళ్ళు పాడవుతాయి. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి తుడువు, ఆరనివ్వు, అంతే.

అడాప్టర్లు కలిపేయకు. నింటెండో వాళ్ళ గేమ్ యంత్రం ఎన్ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది ఏసీ కరెంటు. దాని పిన్ను ఇంకో గేమ్ యంత్రం, మొదటి మోడల్ సెగా జెనెసిస్‌కి చక్కగా పడుతుంది, కానీ ఆ జెనెసిస్‌కి కావలసింది డీసీ కరెంటు. పిన్ను పట్టింది కదా అని స్విచ్ వేశావో, మీ నాన్న సోనిక్ ఆడిన యంత్రం ఇక లేవదు. అడాప్టర్ వెనక అంటించిన కాగితం చదవడానికి అర నిమిషం పడుతుంది.

డబ్బా టీవీ వెనక మూత మాత్రం విప్పకు. ఇది సలహా కాదురా, ఆర్డర్. ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్ దగ్గర వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. దుమ్ము పట్టిందా, పైన తుడిచి ఊరుకో. అలాగని పారేయకు, బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆట తుపాకీ పనిచేసేది దాని మీదే. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల గడి మెరుస్తుంది, ఆ వెలుగుని తుపాకీ పట్టుకుంటుంది. కొత్త టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి, నువ్వు ఎంత గురి పెట్టినా ఆటలోని కుక్క నిన్ను చూసి నవ్వుతూనే ఉంటుంది.

ఇక వరసగా ఆడటం సంగతి. ఆడు, కానీ పెట్టెల మీది నంబర్లని నమ్మకు. ఫైనల్ ఫాంటసీ 4ని 1991లో అమెరికాలో 2 అని అమ్మారు. 1994లో 6వ భాగాన్ని 3 అన్నారు. 1997లో 7వ భాగం తన సొంత నంబర్‌తోనే వచ్చేసరికి, మధ్యలోవి ఎవరు ఎత్తుకుపోయారా అని జనం తలలు పట్టుకున్నారు. సూపర్ మారియో బ్రదర్స్ 2ది ఇంకో గొడవ. జపాన్‌లో వచ్చిన 2 వేరు. అమెరికా వాళ్ళకి 1988లో ఇచ్చినది డోకి డోకి పానిక్ అనే వేరే ఆట, అందులో మారియోని తెచ్చి కూర్చోబెట్టారు. గోంగూరలాగా నేలలోంచి ముల్లంగి పీకి విసురుతుంటే ఇది మారియో ఏమిట్రా అనుకున్నాం. ఇప్పుడు అడిగితే నాకు అదే ఎక్కువ ఇష్టం.

మొదటి మారియో ఆడేటప్పుడు ఒక్కసారి ఆగి, పైన మేఘాన్నీ కింద పొదనీ పక్కపక్కన చూడు. రెండూ ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. 1985లో ఆ ఆట మొత్తాన్నీ 40 కిలోబైట్లలో సర్దారు. నువ్వు నాకు ఫోన్లో పంపే ఒక్క ఫోటోలో అలాంటివి డజన్ల కొద్దీ పడతాయి. వాళ్ళ పొదుపు చూస్తే నాకు మా అమ్మ గుర్తొస్తుంది.

కాంట్రా మొదలుపెట్టినప్పుడు మీ నాన్నని పిలువు. టైటిల్ తెర మీద పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ అని కళ్ళు మూసుకుని కొట్టేవాడు. 3 ప్రాణాలు 30 అయ్యేవి. కోనామీ అనే గేమ్ కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోటో అంతకుముందు గ్రేడియస్ అనే ఆటను ఎన్ఈఎస్‌కి మారుస్తూ, పరీక్షించడానికి ఆట తనకే మరీ కష్టంగా ఉందని పెట్టుకున్న కోడ్ అది. చేసినవాడికే కష్టమైన ఆట మాకెందుకు సులువవుతుంది? కాబట్టి నువ్వు ఎమ్యులేటర్‌లో, అదే పాత ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాంలో, రివైండ్ వాడినా నేనేమీ అనుకోను. కాకపోతే ముందు ఓ పది సార్లు చచ్చి చూడు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ దాన్ని తప్పించుకుంటూనే రాస్తున్నానని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

పెట్టెలో బంగారు రంగు క్యాసెట్ ఒకటుంటుంది. ద లెజెండ్ ఆఫ్ జెల్డా. జపాన్‌లో 1986లో డిస్క్ మీద వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో క్యాసెట్‌గా వచ్చింది. లోపల బ్యాటరీ ఉన్నందువల్ల ఆట ఎక్కడ ఆపామో దానికి గుర్తుండేది. మూడు ఫైళ్ళు, ఒక్కోదానికి ఎనిమిది అక్షరాల పేరు. మీ నాన్న పేరు అందులో పట్టలేదు, చివరి అక్షరాలు ఎగిరిపోయాయి. ఆ తెగిన పేరుతోనే నేను వాణ్ణి చాలాకాలం ఏడిపించాను.

పేరు పక్కన గుండెకాయలు, దాని దగ్గరే ఒక అంకె. ఎన్నిసార్లు చచ్చామన్న లెక్క అది. మీ నాన్నది 187. అందులో సగం చావులు ఊరికే చచ్చినవి. చస్తే తప్ప సేవ్ చేసే మెనూ రాదనుకునేవాళ్ళం. అమ్మ పడుకోమని అరవగానే, వాడు పరిగెత్తుకెళ్ళి శత్రువుల మధ్య నిలబడి చేతులారా చచ్చేవాడు. ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని మరీ పవర్ ఆపాలి. లేదంటే కరెంటు పడిపోయే ఆ క్షణంలో యంత్రం పిచ్చి రాతలు రాసి సేవ్‌ని చెరిపేయొచ్చు. వాడు అది ఎప్పుడూ మర్చిపోలేదు. చూపుడు వేలు రీసెట్ మీద, బొటనవేలు పవర్ మీద, నాలుక కొద్దిగా బయటికి.

గుహల్లో దొరికే ఎనిమిది ట్రైఫోర్స్ ముక్కలూ సంపాదించాడు. తొమ్మిదో గుహలో ఇరుక్కుపోయాడు. ఆ గేమ్ ఏ దారీ చెప్పదు, ఏ పొద కాలుస్తే మెట్లు బయటపడతాయో, ఏ గోడకి బాంబు పెట్టాలో మనమే వెతుక్కోవాలి. నేను గ్రాఫ్ కాగితం మీద 16 గడులు అడ్డంగా, 8 నిలువుగా గీసి, మొత్తం 128 తెరల మ్యాప్ వేసేదాన్ని. వాడు వెతికేవాడు, నేను రాసేదాన్ని. ఆ మధ్యలో వాడికి చదువు, వేరే ఊరు. ఆట అక్కడే ఆగిపోయింది.

కొన్నేళ్ళకి ఆ బ్యాటరీ అయిపోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఎవరూ అడగలేదు, నాకే తోచింది. వాడు సెలవులకి వచ్చేలోగా కొత్తది వేసి ఉంచుదామనుకున్నాను. ఆ స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కి రావు. పాత పెన్ను గొట్టం కొసని వేడిచేసి, మెత్తబడగానే స్క్రూ తల మీద నొక్కి, చల్లారాక దాంతోనే తిప్పాను. అంత తెలివి ఉపయోగించానురా! ఆ తెలివిలో పావు వంతు అసలు విషయం మీద పెట్టి ఉంటే ఈ ఉత్తరం అవసరం ఉండేది కాదు.

టార్చిలైటులో సెల్లు మార్చినట్టే అనుకున్నాను. పాతది తీయడం, కొత్తది పెట్టడం. కానీ సేవ్ ఉండేది బ్యాటరీలో కాదు, పక్కనున్న చిప్‌లో. ఆ చిప్‌కి కరెంటు అందుతున్నంతసేపే జ్ఞాపకం. సోల్డర్ కరిగించి పాత బ్యాటరీని లేపాను. ఆ క్షణంతోనే అయిపోయింది. నాకు మాత్రం తెలీదు, పాటలు పాడుకుంటూ కొత్తది అతికించాను.

టీవీ పెట్టి చూస్తే మూడు వరసలూ ఖాళీ. కింద పేరు నమోదు చేసుకోమనే వరస, ఫైలు తీసేయమనే వరస, అంతే. తర్వాత ఆ పాత బ్యాటరీని మీటర్‌తో కొలిచాను. 2.9 వోల్టులు. అదింకా బాగానే ఉంది. నేను ముట్టుకోకపోతే ఇంకా కొన్నేళ్ళు నడిచేదే.

చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, ఆ ఫైలునే మళ్ళీ తయారుచేద్దామని కూర్చున్నాను. అదే తెగిన పేరు రాశాను. నా మ్యాప్ ఉంది కాబట్టి మూడు వారాల్లో ఎనిమిది ముక్కలూ వచ్చాయి. కానీ చావుల లెక్క 41 దగ్గరుంది. 187 చేయాలి కదా! రోజూ రాత్రి కూర్చుని, ఆటలో హీరో లింక్‌ని రాళ్ళు ఉమ్మే ఆక్టోరాక్‌ల మధ్య నిలబెట్టి చంపాను. నూట నలభై ఆరు సార్లు.

వాడొచ్చాడు. సంబరంగా పెట్టాడు. పేరు చూశాడు, 187 చూశాడు, లోపలికెళ్ళి పాజ్ చేసి సామాన్లు చూశాడు. కాసేపు మాట్లాడలేదు.

"అక్కా, ఇందులో రెడ్ క్యాండిల్ ఉంది."

"అయితే?"

"నాకది ఎప్పుడూ దొరకలేదు."

పొదల్ని కాల్చే ఆ ఎర్ర క్యాండిల్ ఏడో గుహలో ఉంటుంది. వాడు దాన్ని చూసుకోకుండానే ముక్క పట్టుకుని వచ్చేశాడట, చివరిదాకా నీలం క్యాండిల్‌తోనే నెట్టుకొచ్చాడట. నేను మ్యాప్ చూసి బుద్ధిమంతురాలిలా అన్నీ ఏరుకుని వచ్చాను. అంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "పోన్లే అక్కా" అని లేచి పవర్ ఆపేశాడు. రీసెట్ నొక్కకుండా.

నాకు ఇప్పటికీ ఆ క్లిక్కుమన్న చప్పుడే గుర్తుంది.

అందుకని, ఒరేయ్, విను. ఏ క్యాసెట్‌లోనైనా బ్యాటరీ జోలికి వెళ్ళేముందు దాన్ని మామూలుగా పెట్టి ఫైళ్ళు ఉన్నాయో లేదో చూడు. ఉంటే, క్యాసెట్‌లోని సేవ్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, ముందు అది తెచ్చుకో. కాపీ చేశాక ఆ ఫైలు ఎమ్యులేటర్‌లో తెరుచుకుంటోందో లేదో చూసుకో, అప్పుడు ఐరన్ వేడిచెయ్. బ్యాటరీ మార్చాక అదే సేవ్‌ని తిరిగి ఎక్కించవచ్చు. పవర్ ఆన్‌లో ఉంచి మార్చితే సేవ్ పోదని కొందరు చేస్తారు. నువ్వు చేయకు, నీ చేయి వణుకుతుంది, అది మన వంశంలోనే ఉంది. బ్యాటరీ మీద నేరుగా సోల్డర్ పెట్టకు, వేడికి పగలొచ్చు. ఈ జెల్డా క్యాసెట్లకి రేకులు అతికించి ఉన్న సీఆర్ 2032 దొరుకుతుంది, అది కొను. ప్లస్సూ మైనస్సూ ఎటున్నాయో విప్పగానే ఫోటో తీసుకో. పోకెమాన్ గోల్డ్ ఉంటే దాని మీద పెద్ద ఆశ పెట్టుకోకు. లోపలి గడియారం కూడా అదే బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి ఈపాటికే ఖాళీ అయి ఉండొచ్చు.

ఇదంతా దేనికంటే, పెట్టె అడుగున బూడిదరంగు క్యాసెట్ ఒకటుంది. ఎ లింక్ టు ద పాస్ట్. జెల్డా మూడో భాగం. అందులో మొదటి ఫైలు మీ నాన్నది. నేను దాన్ని విప్పలేదు, విప్పే ధైర్యం మళ్ళీ రాలేదు. ఇన్నేళ్ళకి ఉందో పోయిందో నాకు తెలీదు. మూడో ఫైలు నాది, దాన్ని ఏమైనా చేసుకో. ముందు ఆ తెర ఫోటో తీసి నాకు పంపు. రాత్రి ఎంతైనా పర్లేదు, మేలుకునే ఉంటాను.

బంగారు క్యాసెట్‌లో ఇప్పుడున్నది నేను వేసిన బ్యాటరీయే. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు, కొత్తగా మొదలుపెట్టు. ఆడేటప్పుడు రెండో కంట్రోలర్ కూడా తగిలించి మీ నాన్న చేతికివ్వు. అది ఒక్కరు ఆడే ఆటే, అయినా ఇవ్వు. చావకుండా సేవ్ చేసుకునే దారి ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నువ్వు పాజ్ చేసి సామాన్ల తెర తెరవాలి, అప్పుడు రెండో కంట్రోలర్ మీద పైకి బాణం, ఏ కలిపి నొక్కాలి. నొక్కమను.

మీ అత్త