ఉన్న డబ్బంతా ట్రస్టులో వేసేయాలా? గోదావరి లంక నుంచి ఒక టీచర్ గారి ప్రశ్న

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. టీచరుగా రిటైరయ్యాను, వయసు 63. మూడేళ్ళుగా మా కొబ్బరితోటకి సాయంత్రాలు ఇరవై మంది దాకా పిల్లలు వస్తున్నారు. తల్లి కువైట్‌లో, తండ్రి తాగుడులో ఉన్నవాళ్ళు, బడి మానేసినవాళ్ళు, ఎవరితోనూ నోరు విప్పనివాళ్ళు. రెండు కుక్కలు, 11 మేకలు, కొన్ని బాతులు ఉన్నాయి, వాటిని చూసుకునే పని పిల్లలదే. వారానికి రెండు రోజులు కౌన్సెలర్ వస్తారు. నెలకు 38,000 ఖర్చు. పోయినేడాది చందాలు 2,90,000 వచ్చాయి, సగం పైగా సంక్రాంతికి ఊరొచ్చినవాళ్ళు ఇచ్చిందే. మిగతాది నా పెన్షన్ 41,000 లోంచి సర్దుతున్నాను. రిటైర్మెంట్ డబ్బు 24 లక్షలు బ్యాంకులో ఉంది. ట్రస్టు పెట్టి అందులో వేసేద్దామని, అరెకరం తోట అమ్మి పిల్లల కోసం ఒక గుర్రం కొందామని ఆలోచన. డాలస్‌లో ఉన్న మేనల్లుడు నెలనెలా డాలర్లు పంపుతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, 24 లక్షలు ట్రస్టులో వేయకండి, తోట అమ్మకండి, గుర్రం కొనకండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మీ ఖర్చు ఏడాదికి 4,56,000. చందాలు పోను లోటు 1,66,000, అంటే నెలకు దాదాపు 14,000. భయపడాల్సిన లోటేం కాదిది. ఆ 24 లక్షల్లో 4 లక్షలు మీ దంపతుల ఆసుపత్రి ఖర్చులకని ఎఫ్‌డీలో పక్కన పెట్టి, మిగతా 20 లక్షలు మీ పేరు మీదే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో వేయండి. 60 దాటినవాళ్ళు 30 లక్షల దాకా వేయొచ్చు, ఐదేళ్ళ గడువు, మూడు నెలలకోసారి వడ్డీ. 8.2 శాతం లెక్కన ఏడాదికి 1,64,000 వస్తుంది. లోటు పూడిపోయినట్టే కదా, అసలు మీ దగ్గరే ఉంటుంది, పెన్షన్ మీ ఇంటికి మిగులుతుంది. పెన్షన్, వడ్డీ కలిపినా 12 లక్షలకి చాలా కింద ఉన్నారు కాబట్టి కొత్త పద్ధతిలో పన్ను పడదు.

అదే డబ్బు ట్రస్టుకి ఇచ్చేశారనుకోండి, అది ఇక మీది కాదు. రేపు మీ వారికి బైపాస్ అవసరమైనా అందులోంచి రూపాయి తీయలేరు, తీస్తే ట్రస్టుకున్న పన్ను మినహాయింపుకే ఎసరు. చాలామంది రిటైరైనవాళ్ళు మంచి మనసుతో చేసే పని ఇదే, అసలు ఇచ్చేస్తారు, వడ్డీ ఇస్తే సరిపోయేదని తర్వాత తెలుస్తుంది. తోట సంగతీ అంతే. రాసివ్వకండి, వాడుకోవడానికి ట్రస్టుతో చిన్న ఒప్పందం రాసుకోండి చాలు. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర పడినప్పుడు అమ్మేద్దామనిపిస్తుంది నిజమే, కానీ కాయ దింపించిన ప్రతిసారీ ఎంతో కొంత చేతికొచ్చే చెట్లని అమ్మి రోజూ తినే గుర్రాన్ని కొనడం ఏం లెక్కండీ?

గుర్రం అసలు ధర కొన్న తర్వాత తెలుస్తుంది. పాతికేళ్ళు బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించాలి, ఆ పని తెలిసిన మనిషి మీ లంకకి ఎక్కణ్ణుంచి రావాలి? వానాకాలం నెలల తరబడి బురదలో నిలబడితే డెక్కలు కుళ్ళుతాయి. పిల్లలకి సరదా ఉంటుంది, కాదనను.

నా అసలు మాట ఇది: చందా సంక్రాంతికి వస్తుంది, మేత రోజూ కావాలి. కాబట్టి ఎన్ని జంతువులుండాలో చందా చూసి నిర్ణయించకండి, ఏ చందా రాకపోయినా వచ్చే ఆ వడ్డీని చూసి నిర్ణయించండి. మీరు పంపిన ఖర్చు కాగితంలో పనిమనిషి జీతం 12,000, మేత 9,000, మందులూ టీకాలూ 3,000, కౌన్సెలర్‌కి 8,000, ఆటో, టిఫిన్లకి 6,000 ఉన్నాయి. డబ్బు ఆడనప్పుడు ఎవరైనా ముందు కౌన్సెలర్‌ని మానిపిస్తారు, మేకల్ని పస్తు పెట్టలేరు కదా. అదే వద్దంటున్నాను. కుక్కను పక్కన పెట్టుకుని పిల్లలకి వైద్యం చేయడం గురించి 1962లో తొలినాళ్ళ వ్యాసం రాసిన బోరిస్ లెవిన్‌సన్ న్యూయార్క్‌లో పిల్లల సైకాలజిస్టు. ఆయన కుక్క జింగిల్స్‌ని అందరూ తలుచుకుంటారు, దాని పక్కన కూర్చున్నది సైకాలజిస్టని మర్చిపోతారు. కౌన్సెలర్ లేకపోతే మీ దగ్గర మిగిలేది మేకల పాక.

అందుకే 11 మేకల్ని ఆరుకి తగ్గించండి. ఇప్పుడే అమ్మేయమనడం లేదు, పైగా మీరు అమ్మలేరు కూడా. పేరు పెట్టి పాలు పట్టి పెంచిన పిల్లాడి కళ్ళెదుట దాన్ని సంతకి తోలితే మూడేళ్ళ పని ఒక్క పూటలో పోతుంది. మామూలు రైతుకి మేక ఆస్తి, మీ పుస్తకంలో అది ఖర్చు మాత్రమే, అలాగే రాసుకోండి. కొత్తగా ఈననివ్వకండి, పోతుల్ని వేరు చేయండి, సంఖ్య మెల్లగా అదే దిగుతుంది. కుక్కలకి ఏటా రేబిస్ టీకా, దాని కార్డు ఫైల్లో. టీకా, కార్డు, ఈ రెండింటిలో ఏది తప్పినా ఒక్క కాటుతో మొత్తం మూతపడుతుంది. పశువుల డాక్టరు కోసం 1962 కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, ఆ ఖర్చు కొంత తగ్గించుకోవచ్చు.

ఇక వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఏం జరిగిందో నేను మీకు చెప్పక్కర్లేదు. మేకల్ని ఏటిగట్టు మీదికి చేర్చడానికి పడవ, అక్కడ పది పదిహేను రోజుల మేత, కప్పుకి టార్పాలిన్ పట్టాలు, ఒక మనిషి కూలి, ఇవన్నీ చందాలు అసలు రాని నెలల్లోనే పడతాయి. పచ్చిమేత మునిగిపోతుంది కాబట్టి మార్చిలో మినుము నూర్చేటప్పుడు పొట్టు చవగ్గా దొరికినప్పుడే బస్తాలకెత్తి అటక మీద పెట్టించండి. వచ్చే సంక్రాంతి చందాలో మొదటి లక్ష ముట్టుకోకుండా దీనికి ఉంచండి.

ట్రస్టు మాత్రం పెట్టండి, ఆలస్యం చేయకండి. ఇప్పుడు చందాలన్నీ మీ ఫోన్‌పే నంబరుకే వస్తున్నాయి కదూ? బంధువులు కానివాళ్ళు ఇచ్చింది ఏడాదికి 50,000 దాటితే ఆ మొత్తం మీ ఆదాయం కిందే లెక్క. ఇవాళ పన్ను పడకపోవచ్చు గానీ రిటర్నులో చూపించకపోతే రేపు నోటీసు వచ్చాక ఎవరిచ్చారో, దేనికిచ్చారో చెప్పుకోలేక టెన్షన్. సొసైటీ అయితే ఏడుగురు కావాలి, మీ స్థాయికి ట్రస్టు తేలిక. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్, ట్రస్టు పేరున పాన్, బ్యాంకు ఖాతా, తర్వాత 12ఏ (ట్రస్టు రాబడికి పన్ను మినహాయింపు), 80జీ (చందా ఇచ్చినవాళ్ళకి పన్ను తగ్గింపు) రిజిస్ట్రేషన్లు (కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చాక సెక్షన్లు మారాయి, ఆడిటర్లు ఇంకా ఈ పేర్లతోనే పిలుస్తున్నారు). ట్రస్టీలు మీ దంపతులిద్దరే కాకుండా బయటివాళ్ళు ఒకరిద్దరు ఉంటే నయం. 12ఏ వచ్చాక ఏడాది రాబడిలో 85 శాతం ఆ ఏడే ఖర్చు చేయాలి, 15 శాతం దాచుకోవచ్చు. అంతకు మించి దాచాలంటే, మెరక మీద పాక కట్టడానికి అని, ఎన్నేళ్ళలో అని ముందే రాసివ్వాలి, ఐదేళ్ళు మించకూడదు. 80జీ వస్తే చందాలు వరదలా వస్తాయని మాత్రం అనుకోకండి. కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవాళ్ళకి దానివల్ల ఒరిగేదేమీ లేదు, పాత పద్ధతిలో ఉన్నా 2,000 దాటిన నగదుకి వర్తించదు.

మేనల్లుడి డాలర్ల దగ్గర చాలా జాగ్రత్త. అతను ఎక్కడున్నాడన్నది కాదు, ఏ దేశం పాస్‌పోర్ట్ అన్నది చూడాలి. మీ దగ్గరికొచ్చే పిల్లాడి తల్లి కువైట్‌లో ఇంటిపని చేసుకుంటూ తన జీతంలోంచి బ్యాంకు ద్వారా 500 పంపితే అది విదేశీ విరాళం కాదు, ఆమె భారత పౌరురాలు, పాస్‌పోర్ట్ కాపీ ఒకటి తీసుకుని పెట్టుకోండి. మీ మేనల్లుడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం సొంత మేనత్త ట్రస్టుకి పంపినా అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కి మామూలుగా మూడేళ్ళ పని, 15 లక్షల ఖర్చు చూపించాలి, ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరవాలి. మీకు ఇప్పట్లో అయ్యేది కాదు. మీ సొంత ఖాతాలో వేయించుకుని ట్రస్టుకి మళ్ళిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ అబ్బాయిని అడిగి ముందు పౌరసత్వం సంగతి తేల్చుకోండి.

ఒక పిల్లాడు తండ్రి తాగొచ్చిన రాత్రి మీ ఇంట్లోనే పడుకున్నాడని రాశారు. మనసుకి అది సరైనదే, కాదనేవాడెవడు. కానీ పిల్లల్ని రాత్రుళ్ళు ఉంచడం అలవాటైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద హోమ్‌గా రిజిస్టర్ చేయాలి, దానికి తగ్గ మనుషులూ గదులూ కావాలి, అప్పుడు 38,000 ఏమూలకీ చాలదు. ట్రస్టు డీడ్‌లో పగటి కార్యక్రమం అనే రాయించండి. అలాంటి రాత్రి మళ్ళీ వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చేసి చెప్పి, చేసిన టైమ్ ఒక పుస్తకంలో రాసి ఉంచండి.