మిట్టమధ్యాహ్నపు భయం

ప్రశ్న: సస్పెన్స్ అంటే ప్రాణం గానీ రక్తపాతం చూడలేను. స్లాషర్ సినిమాలు (హంతకుడు ఒక్కొక్కరినీ వెంటాడి చంపే రకం) మొదలవుతున్న రోజుల్లో వచ్చి, ఎవరూ అంతగా పట్టించుకోని బ్రిటిష్ సినిమా ఏదైనా చెబుతారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ‘అండ్ సూన్ ద డార్క్‌నెస్’ చూడండి. 1970లో వచ్చింది. దర్శకుడు రాబర్ట్ ఫ్యూస్ట్. రాసిన ఇద్దరూ, బ్రయాన్ క్లెమెన్స్, టెర్రీ నేషన్, టీవీ సీరియళ్లలో ఆరితేరినవాళ్లే. పేరులో చీకటి ఉందిగానీ కథంతా పట్టపగలే నడుస్తుంది.

జేన్, క్యాథీ అనే ఇద్దరు ఇంగ్లిష్ నర్సులు సెలవులకి ఫ్రాన్స్ పల్లెల్లో సైకిళ్ల మీద తిరుగుతుంటారు. దారిలో చిన్న మాట పట్టింపు. రోడ్డు పక్క చెట్ల దగ్గరే కాసేపు ఎండలో పడుకుంటానంటుంది క్యాథీ. జేన్ విసుక్కుని ముందుకెళ్లిపోతుంది. తర్వాత మనసాగక వెనక్కొస్తే క్యాథీ ఉండదు!

ఆ మధ్యలో క్యాథీ ఒంటరిగా ఉన్న సీన్ చూడాలి. పొదల మీద ఆరేసిన లోదుస్తులు కనిపించవు. సైకిల్ చూస్తే ఎవరో పాడుచేసి ఉంటారు. మనకి మనిషి కనపడడు, ఆకులు కదలడం తప్ప. నా మటుకు నాకు సినిమా మొత్తంలో ఇంతకన్నా టెన్షన్ పెట్టిన చోటు లేదు.

ఇక ఆ రోడ్డు! రెండు వైపులా పొలాలు, గీత గీసినట్టు తిన్నగా పోతుంది. వచ్చేవాడు ఎంతో దూరం నుంచే కనిపిస్తాడు. అయినా వచ్చేది సాయం చేయడానికో, ఇంకెందుకో తెలియదు. స్కూటర్ మీద వెంట వచ్చే పాల్ అనే అతన్ని నమ్మాలా వద్దా అని చివరిదాకా నలిగిపోతాం. జేన్ అదే దారిలో అటూ ఇటూ తిరగడం కొందరికి సాగదీతలా అనిపించింది. నేను ఒప్పుకోను. భాష రాని చోట దిక్కుతోచనివాళ్లు చేసేది అదే కదా.

ఒక్క మాట తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఫ్రెంచ్ మాటలకి కావాలనే సబ్‌టైటిల్స్ వేయలేదు. జేన్‌కి అర్థం కానిది మనకీ అర్థం కాకూడదు. మీరు చూసే కాపీలో అనువాదం వస్తుంటే ఆ సబ్‌టైటిల్స్ ఆపేయండి.

నెత్తురు దాదాపు ఉండదు. చివర్లో పెనుగులాట మాత్రం గట్టిగానే ఉంటుంది. కథని అర్జెంటీనాకి మార్చి 2010లో అదే పేరుతో మళ్లీ తీశారు కాబట్టి వెతికేటప్పుడు ఏడాది చూసుకోండి. పాతదానిలో జేన్‌గా వేసింది పమేలా ఫ్రాంక్లిన్.