ముందు నలుగు ఆపి చూడండి

మీ ఐదు నెలల పాపకి బుగ్గలు, కాళ్లు పొడిబారి గరుకుగా ఉన్నాయని, రోజూ సున్నిపిండితో నలుగు పెడుతున్నా తగ్గట్లేదని రాశారు. నాకు అనుమానం ఆ నలుగు మీదే. పిండి చర్మం మీదున్న కాస్త జిడ్డునీ లాగేస్తుంది, పైగా రుద్దుడు. మా బాబుకీ ఇదే గొడవ, మానేశాక ఎరుపు తగ్గింది. (మా అత్తగారు మాత్రం డాక్టర్ నోట వింటేనే నమ్మారు.)

గోరువెచ్చటి నీళ్లతో 5-10 నిమిషాల స్నానం చాలు. వాసన లేని సబ్బు, అదీ మురికైన చోటే. అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది: మెత్తటి బట్టతో అద్ది, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే, రెండు మూడు నిమిషాల్లో, వాసన లేని క్రీమ్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ దండిగా రాసేయండి. స్నానం లేని పూట కూడా ఒకసారి రాయాలి. కొబ్బరినూనె పర్వాలేదు. ఆవనూనె, ఆలివ్ నూనె వద్దు. సాంబ్రాణి పొగ కూడా మానేయండి.

రసి కారినా, పసుపురంగు పక్కులు కట్టినా, దురదకి నిద్ర లేకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) కావచ్చు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మాత్రం సొంతంగా రాయొద్దు.