బరువు తగ్గడం ఆగిపోతే ఉత్సాహం ఎలా నిలుపుకోవాలి?

మొదటి వారం బాగా తగ్గి, తర్వాత తూకం కదలకపోతే వాకింగ్ మానేయాలనిపించడం సహజమే. ముందు జరిగేదేమిటో తెలుసుకోండి. మొదట్లో తగ్గేదాంట్లో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ (శరీరం దాచుకునే చక్కెర రూపం) ఒక్కో గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే రెండూ పోతాయి. ఆ తర్వాత కరగాల్సింది కొవ్వు, అది నిదానంగానే కరుగుతుంది. పైగా రాత్రి ఆవకాయ, అప్పడాలు గట్టిగా తింటే ఉప్పు వల్ల నీరు చేరి తెల్లారేసరికి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి రోజూ చూసుకుని టెన్షన్ పడకండి. వారానికోసారి పరగడుపున తూకం చూసుకుని, నడుము కొలత కూడా రాసుకోండి. నా దృష్టిలో నడుము కొలతే ఎక్కువ నమ్మదగినది.

ఇక ఉత్సాహం రోజూ ఒకేలా ఉండదు, వేళ కుదుర్చుకోవడమే మేలు. కాఫీ తాగగానే బూట్లు వేసుకోవడం లాంటిదన్నమాట. లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకుల అధ్యయనంలో కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి ఇంకా చాలా ఎక్కువ. మధ్యలో ఒక్కరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు, అందుకే నిన్న మానేశామని ఇవాళ కూడా మానేయకండి.