మేక కాదమ్మా, మేకు

అమ్మా,

నీ కథ రాత్రే చదివా, పొద్దున్నే కూర్చుని రాస్తున్నా, ఆగలేకపోయా. రెండ్రోజులుండి పోతానని వచ్చిన చుట్టం ఆర్నెల్లైనా కదలకపోతే "ఏకులా వచ్చి మేకలా కూర్చున్నాడు" అన్నావు, పైగా మేక ఎంత మొండిదో రెండు లైన్లు వివరించావు కూడా. అది మేక కాదమ్మా, మేకు. ఏకంటే రాట్నం మీద నూలు వడకడానికి దూదిని ఏకి చుట్టిన మెత్తటి చుట్ట. చిన్నప్పుడు ఇదే సామెతకి అర్థం అడిగితే మా అమ్మమ్మ ఏం చెప్పలేదు, ఓ ఏకు నా అరచేతిలో పెట్టింది, బరువే తెలీలేదు. తర్వాత అదే చేత్తో గోడకున్న మేకు పట్టించి లాగమంది. వేళ్ళు ఎర్రబడ్డాయి గానీ అది ఊడలేదు. నీ చుట్టం దిగబడింది అలాగ. సామెతలో ఉన్న వస్తువు నీ చేతికి తగలకపోతే ఆ సామెత రాయొద్దు, ఈ మాట నేను ఎంతమందికైనా చెప్తా.

ఇంకోటి, రెండో పేజీలో వరసగా నాలుగు సామెతలు, నాలుగూ కథ చెప్పేవాడి నోటనే, ముందు "పెద్దలు ఊరికే అన్నారా" అని. ఇంట్లో ఎవరు మాట్లాడతారమ్మా అలా? సగమే అంటాం. గుమ్మడికాయల దొంగ ఊసే ఎత్తకుండా "నువ్వెందుకు భుజాలు తడుముకుంటున్నావ్" అంటాం, బూడిద గుమ్మడికాయ మోస్తే భుజానికి అంటుకునే ఆ తెల్లటి పొడి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, తగలాల్సినవాడికి తగుల్తుంది.

నేను రాయడం మొదలెట్టినప్పుడు ఒక ఎడిటర్ నా కథలో సామెతలన్నీ ఎర్ర ఇంకుతో కొట్టేశాడు, పాత వాసనట. ఇంకొకాయన ఒక్కోదానికీ కొటేషన్ మార్కులు తగిలించి అచ్చేశాడు, మా అమ్మమ్మ మాటలు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు. ఇద్దరి మీదా కోపం ఇంకా పోలేదు. ఇప్పుడేమో వాట్సాప్‌లో వచ్చిన రోజుకో సామెత తెచ్చి కథలో అతికిస్తున్నారు.

ఏ పుస్తకం చదవాలని అడిగావు. కెప్టెన్ కార్ అనే దొర 1868లోనే మద్రాసులో ఆంధ్రలోకోక్తి చంద్రిక వేశాడు, ఇంగ్లీషు అర్థాలతో సహా. దొరికితే చదువు, కానీ ఆ మాట ఎవరు ఎవరితో ఏ గొంతుతో అన్నారో అందులో దొరకదు, అది నీ చెవులే పట్టుకోవాలి.

పట్టుకోగలవు కూడా. ఉద్యోగం రాకుండానే ఇల్లు కట్టేస్తానంటున్న కొడుకుతో తల్లి "ఆలు లేదు చూలు లేదు..." అని మొదలెట్టి, పిల్లల్లేని పెద్దకోడలు గుమ్మంలో నిలబడుందని చూసి టక్కున ఆగిపోయింది చూడు, అక్కడ నాకు కళ్ళు తడిశాయి. సోమలింగం పేరు ఆవిడ గొంతులోనే ఉండిపోయింది. అంత రాసి నువ్వు వెంటనే ఆ చుట్టం దగ్గరికి వెళ్ళిపోయావు. ఆ కోడలు గుమ్మంలోంచి ఎటు వెళ్ళింది, అత్త ఆ రాత్రి ఆవిడతో ఎలా మాట్లాడింది? అది రాసి పంపు, ముందు రెండో పేజీ చింపెయ్.